పని చేతినిండా ఉన్నప్పుడే కొత్త గిరాకి వెతకాలె

(నల్లగొండలో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ల సమావేశంలో, పట్టణంలో క్యాటరింగ్ నడిపే ఒక మహిళ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికి నమస్తే. అక్కలకు, అన్నలకు, చెల్లెండ్లకు, తమ్ములకు. మీల కొంతమంది దుకాణం ఇంకొకరికి అప్పజెప్పి వచ్చిన్రు, కొంతమంది షట్టర్ దించి వచ్చిన్రు. షట్టర్ దించితే గంటకు ఎంత నష్టమో నాకు తెలుసు. అందుకే సీదా ముచ్చటలకు వస్త.

గిరాకి ఎట్ల పెంచుకోవాలెనో చెప్పమని పిలిచిన్రు. పెంచుకునే ముచ్చట తర్వాత. ముందుగాల అది తెగకుండ ఎట్ల చూసుకోవాలెనో మాట్లాడుకుందం. మన దిక్కు ఎవరిని అడిగినా ఒకటే మాట. మాఘం, ఫాల్గుణంల తిండికి తీరిక లేదంటరు, ఆషాఢంల ఈగలు తోలుకుంటున్నమంటరు. మోటార్ వైండింగ్ చేసే అన్న మార్చి, ఏప్రిల్‌ల రాత్రి పదకొండు దాంక పని చేస్తడు, వానలు పడ్డంక దుకాణం ముందు కూర్చొని రోడ్డు చూస్తడు. మగ్గం వర్క్ చేసే చెల్లె శ్రావణంల ఫోన్ ఎత్తదు. పుష్యం వస్తే ఆ ఫోనే మోగదు.

అందరు దీనికి సీజన్ అని పేరు పెడతరు. సీజన్ ఉన్నది, అబద్ధం కాదు. కానీ మన తప్పు కూడ సగం దాని మీదికి తోస్తున్నం. పని బగ్గ ఉన్నప్పుడు కొత్తోళ్లను వెతుకుడు బంద్ పెడతం. పని అయిపోయినంక, చేతిల పైసలు కూడ అయిపోయినంక, అప్పుడు ఉరుకుతం. ఇయ్యాల అడిగిన మనిషి ఇయ్యాలనే ఆర్డర్ ఇయ్యడు. నడుమ టైం పడ్తది. ఆ టైం లెక్క తెల్వకపోతే ఎంత ఉరికినా ఖాళీ నెల ఖాళీగనే పోతది.

నా పనిల చూడండి. పిల్లను చూసుకుంటరు, వరపూజ చేసుకుంటరు. పంతులు దగ్గరికి పోయి లగ్నం పెట్టించుకుంటరు. తర్వాత ఫంక్షన్ హాల్ చూస్తరు. హాల్ దొరికితేనే తారీకు పక్కా. ఆ తర్వాత బంగారం, బట్టలు, వంట. ఆ ఇంటాయన మొదటిసారి నన్ను ప్లేటు ఎంత అని అడిగిన రోజుకు, బయానా చేతిల పెట్టిన రోజుకు నడుమ నెల పోవచ్చు, మూడు నెలలు పోవచ్చు. మాఘంల నాకు పని ఉండాలెనంటే కార్తీకంల నేను మనుషులతోని మాట్లాడుతుండాలె. కార్తీకంల కూడ నాకు పెండ్లిళ్లు ఉంటయి, అదే అసలు కష్టం. సాగర్ ఎడమ కాలువ కింద రైతును చూడండి. నారు పోసినంక ఇరవై ఐదు, ముప్పై రోజులకు నాటు పడ్తది. నాటేసే రోజు నారు కోసం ఊరంత తిరిగే రైతు ఎక్కడన్న ఉన్నడా? మనం మాత్రం ప్రతి ఏడు అదే చేస్తున్నం.

2023 యాదికి తెచ్చుకోండి. జూన్‌ల ఆషాఢం వచ్చింది, అది పోతే శ్రావణం కదా అని అందరం చూస్తున్నం. ఆ ఏడు శ్రావణానికి అధికమాసం వచ్చింది. జులై 18 నుంచి ఆగస్టు 16 దాంక అధిక శ్రావణమే. ఆషాఢం కలుపుకుంటే దగ్గర దగ్గర రెండు నెలలు ముహూర్తం లేదు. క్యాటరింగోళ్లు, టెంట్ హౌసోళ్లు, బ్యాండోళ్లు, ఫొటోగ్రాఫర్లు, పూల డెకరేషనోళ్లు అందరికి దెబ్బే. ఇది చెప్పకుండ వచ్చిందా? లేదు. పంచాంగంల ఉగాదినాడే ఉన్నది. 2026ల జ్యేష్ఠానికి అధికం, అది కూడ పంచాంగంలనే ఉన్నది. ఇంగ మూఢాలు వేరే. పంచాంగం కొని గోడకు తగిలిచ్చుడు కాదు, కొత్త పంచాంగం వచ్చిన వారంల కూర్చొని, పని రాని దినాలన్నీ ఎర్ర పెన్నుతోని గీసుకోవాలె. ఆ దినాలకు రెండు నెలల ముందు ఇంకో రంగు గీత. ఆ రెండో గీత దగ్గర మనం కొత్త పని కోసం తిరుగుడు మొదలుపెట్టాలె.

ముహూర్తంతోని సంబంధం లేని పని ఎక్కడ ఉంటది అని అడుగుతరు. ఒకటి చెప్త. రిటైర్మెంట్ విందులు. సర్కారు ఉద్యోగులు నెల ఆఖరు తారీకున దిగిపోతరు. మూఢమైనా, అధికమాసమైనా ఆ తారీకు ఆగదు. 2021ల మన రాష్ట్రంల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచిన్రు. దాంతోని దగ్గర దగ్గర మూడేండ్లు ఈ విందులు లేవు, 2024 నుంచి మళ్ల మొదలైనయి. ఏ బడిల ఏ సారు, ఏ మేడం ఏ నెలల దిగిపోతరో ఆ బడిల అందరికి ఏడాది ముందే తెలుసు. మనం పోయి అడుగుడే తక్కువ. పెండ్లి ఇండ్లోళ్లను, గృహప్రవేశం ఇండ్లోళ్లను పలకరిస్తం, టీచర్లను ఎప్పుడన్న పలకరించినమా? కాలేజీలల్ల కొత్త పిల్లలు చేరినంక ఫ్రెషర్స్ పార్టీలు ఉంటయి. యూనివర్సిటీ ఉన్నది, మెడికల్ కాలేజీ ఉన్నది. అక్కడ నాలుగు వందల ప్లేట్లు లేకపోవచ్చు, ఎనభై ఉంటయి. ఆషాఢంల ఎనభై ప్లేట్లు అంటే వంట మాస్టర్‌కు, ఇద్దరు హెల్పర్లకు కూలి వెళ్తది, వాళ్లు మనల్ని ఇడిసిపెట్టి పోరు.

సరే, ఇప్పుడు రోజూ ఏం చేయాలె అన్నదానికి వస్త. నేను రోజూ ఒక గంట కొత్త గిరాకికి పెట్టమంటున్న. ఎన్ని పనులున్నా ఆ గంట ఇయ్యాలె. నాకు పదకొండు నుంచి పన్నెండు కుదురుతది, కూరగాయలు తెచ్చుడు అయిపోతది, మాపటి వంట ఇంకా మొదలుకాదు. మీ దుకాణానికి ఏ గంట సప్పగ ఉంటదో మీకే తెలుసు. ఆ గంటల సామాను సర్దుడు, బిల్లులు చూసుడు, వాట్సాప్ స్టేటస్‌లు చూసుడు పెట్టుకోవద్దు. ఐదు ఫోన్లు చేయాలె, వచ్చిన మెసేజ్‌లకు జవాబియ్యాలె, నోట్‌బుక్కు రాయాలె. అంతే. నలభై నిమిషాలల్ల అయిపోతే మంచిదే.

ఫోన్ టైం కూడ చెప్త. పదకొండింటికి రైతుకు ఫోన్ చేస్తే పొలంల ఉంటడు, ఎత్తినా "తర్వాత మాట్లాడ్త" అంటడు. రైతులకు మాపటికి ఏడు దాటినంక చేయాలె. ఉద్యోగస్తులకు ఆఫీసు ఇడిసినంక. దుకాణాలోళ్లకు, ఇండ్లల్ల ఉండే అక్కలకు పదకొండు మంచిది. అందుకే ఐదింట్ల మూడు పగలు, రెండు మాపటికి చేస్త.

ఇగో, నా నోట్‌బుక్కు. వెనుక ఉన్నోళ్లకు కనిపియ్యదు కావచ్చు, చదివి చెప్త. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, కిరాణంల దొరికేదే. పేజీకి ఆరు గీతలు కొట్టిన. తారీకు. పేరు, ఊరు. ఏం పని, ఎంతమందికి. ఎవరు చెప్తే వచ్చిన్రు. ఏమన్నరు. మళ్ల ఎప్పుడు ఫోన్ చేయాలె. ఈ ఆఖరు గీత ఖాళీ ఉంటే ఆ వరుస మొత్తం దండగ. ఇక్కడ ఒకటి చూడండి, కనగల్ దిక్కు ఊరు, బిడ్డ పెండ్లి, ఆరు వందల మంది. ఏమన్నరు అన్న దగ్గర "పత్తి అమ్మినంక చూస్తమన్నరు" అని రాసుకున్న. పత్తి ఎప్పుడు ఏరుతరో మనకు తెలుసు కదా. ఆఖరు గీతల డిసెంబర్ రెండో వారం అని పెట్టిన. ఈ మాట రాసుకోకపోతే నేను దసరాకు ఫోన్ చేస్తుంటి, ఆయన చేతిల పైసలు లేక ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తుండె, నేనేమో గిరాకి పోయిందనుకుంటుంటి.

మన జిల్లాల పైసలు ఎప్పుడు చేతికి వస్తయో తెలుసుకోకుండ గిరాకి కోసం తిరుగుడు కష్టం. మిర్యాలగూడ, హాలియా దిక్కు వరి, ఏడాదికి రెండు పంటలు. మునుగోడు, చండూరు దిక్కు పత్తి. బత్తాయి తోటలున్నోళ్లకు సీజన్ కాపు వేరే, కత్తెర కాపు వేరే. ఒక్కో దిక్కుకు ఒక్కో నెల. ఫోన్ లిస్టు ఊర్ల వారీగా పెట్టుకుంటే ఇది పనికొస్తది.

ఫోన్‌ల ఏం మాట్లాడాలె? "ఏమైందన్నా, మాకే ఇస్తున్నరా?" అని అడగొద్దు. అట్ల అడిగితే మూడోసారికి మన నంబర్ చూసి ఎత్తడు. ఫోన్ చేసినప్పుడల్ల అవతలి మనిషికి పనికొచ్చే మాట ఒక్కటన్న చెప్పాలె. నేను ఇట్ల మాట్లాడ్త:

"నమస్తే అన్నా, నల్లగొండ నుంచి క్యాటరింగ్ చెల్లెను. బిడ్డ పెండ్లికి అడిగిన్రు కదా. లగ్నం పెట్టుకున్నరా?"

"లేదు చెల్లె. పంతులు మాఘంల చూద్దమంటున్నడు."

"మంచిదన్నా. మాఘం అయితే హాల్ ఇప్పుడే చూసుకోండి, ఆఖరుకు దొరకవు. మీ ఊరికి దగ్గర్ల రెండు హాళ్లున్నయి, ఒకదాంట్ల నీళ్లకు తిప్పలైతది. వంటకు, చేతులు కడుక్కునుడుకు ట్యాంకర్ పెట్టుకోవాలె. పోయి చూసినప్పుడు నీళ్ల సంగతి ముందు అడగండి."

"అవునా? మంచి మాట చెప్పినవ్ చెల్లె."

అంతే. వంట ముచ్చట నేను ఎత్తలేదు. హాల్ చూడపోయినప్పుడు ఆ ఇంటోళ్లు నీళ్ల ట్యాంకు ఎక్కి చూస్తరు, చూసినప్పుడు నేను యాదికొస్త. మోటార్లు చేసే అన్న అయితే ఫిబ్రవరిల పాత రైతులకు ఫోన్ చేసి "నీళ్లు సన్నగ పోస్తున్నయా, మోటార్ సప్పుడు మారిందా?" అని అడగొచ్చు. ఏప్రిల్‌ల కాలిపోయినంక రైతు ఎట్లయినా వస్తడు, కానీ ఏ దుకాణం ముందు కనిపిస్తే ఆ దుకాణానికి పోతడు. ఏసీ మెకానిక్ తమ్ముడు కూడ ఫిబ్రవరిలనే ఫోన్ చేయాలె.

ఇంకోటి. అడిగిన రోజే జవాబియ్యాలె. తర్వాత మూడో రోజు ఒక ఫోన్, పది రోజులకు ఒక ఫోన్, ఆ తర్వాత నోట్‌బుక్కు చెప్పిన తారీకున. "వద్దు" అన్నరంటే ఇంక చేయొద్దు, గట్టిగ చెప్తున్న. వద్దన్న మనిషికి మళ్ల మళ్ల ఫోన్ చేసి పేరు ఖరాబు చేసుకోవద్దు. కానీ "ఏ కారణం అన్నా, రేటా, ఇంకేమన్ననా?" అని ఒక్కసారి అడిగి రాసుకోండి. సీజన్ అయినంక ఆ కారణాలన్నీ వరుసగ చదివితే మన వ్యాపారం ఎక్కడ కుంటుతున్నదో కనిపిస్తది.

వారానికి ఒక పూట బయట తిరగాలె. నాకు మంగళవారం, ఆ రోజు శుభకార్యాలు తక్కువ. గడియారం సెంటర్ నుంచి మొదలుపెట్టి ప్రకాశం బజార్ దాంక పోత. పంతుళ్లను, ఫంక్షన్ హాల్ మేనేజర్లను, శుభలేఖలు అచ్చేసే ప్రెస్సోళ్లను, బట్టల దుకాణాలోళ్లను కలుస్త. పెండ్లి ముచ్చట నాకంటే ముందు వీళ్లకు తెలుస్తది. చాలామంది వీళ్లకు కమీషన్ ఇచ్చి గిరాకి తెచ్చుకుంటరు. నేను ఇయ్య. ఆ కమీషన్ ఆఖరుకు ప్లేటు మీదనే పడ్తది, లేకపోతే నూనెల పడ్తది. ఇంకొకరు పది రూపాయలు ఎక్కువిస్తే మనిషి అటే పోతడు. పైసలకు బదులు పని పంపుత. పెండ్లి ఇంటోళ్లు "మంచి ఫొటోగ్రాఫర్ ఎవరమ్మా?" అని నన్ను అడుగుతరు కదా, అప్పుడు నాకు పని పంపినోళ్ల పేరు చెప్త, వాళ్ల పని మంచిగుంటేనే. వాళ్ల ద్వారా ఒక ఇల్లు వస్తే అదే రోజు ఫోన్ చేసి "మీరు చెప్పిన్రంటనే, సంతోషం" అంట. ఆ ఒక్క మాటకు కూడ మనుషులు మొహం వాచి ఉన్నరు.

పాత గిరాకిని మరువద్దు. పెండ్లి చేసిన ఇంట్ల ఏడాదికో రెండేండ్లకో ఇరవై ఒక్క రోజుల తొట్టెల ఉంటది, తర్వాత మొదటి పుట్టినరోజు ఉంటది. నోట్‌బుక్కుల పాత పేజీలు తిప్పితే అన్నీ అక్కడనే ఉన్నయి.

ఫోన్‌ల యాప్‌ల గురించి అడుగుతరని తెలుసు. వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, పైసలు లేవు. దాంట్ల లేబుళ్లు ఉంటయి, కొత్తగ అడిగినోళ్లు, ఆర్డర్ ఇచ్చినోళ్లు, పైసలు ఇయ్యాల్సినోళ్లు అని వేరు చేసుకోవచ్చు. ఒకే మెసేజ్ అందరికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుల 256 మంది దాంక పడతరు, కానీ మీ నంబర్ వాళ్ల ఫోన్‌ల సేవ్ చేసుకున్నోళ్లకే అది పోతది. ఇది తెల్వక చాలామంది రెండు వందల మందికి పంపినం, ఒక్కరు జవాబియ్యలేదని బాధపడతరు. అసలు పోనే పోలేదు. అందుకే వంట అయిపోయి సామాను సర్దుకునేటప్పుడు "అన్నా, నా నంబర్ సేవ్ చేసుకోండి" అని నిలబడి చేయించుకోండి. గూగుల్ మ్యాప్‌ల దుకాణం పెట్టుడు కూడ ఫ్రీనే. ఫొటోలు మీ చేతి పనివే పెట్టండి. వేరే దగ్గరి బిర్యానీ ఫొటో పెడితే మన పెద్దపాత్రల బగారా అన్నం చూసి ఎవరు నమ్ముతరు? తిండి వ్యాపారం అయితే పద్నాలుగు అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ నంబర్, అంటే తిండి అమ్మెతందుకు సర్కారు ఇచ్చే లైసెన్సు నంబర్ కూడ కనిపించేటట్టు పెట్టండి, కాలేజీలోళ్లు, ఆఫీసులోళ్లు అది చూస్తరు.

నంబర్లు అమ్మేటోళ్లు వస్తరు. నల్లగొండ జిల్లాల ఇన్ని వేల నంబర్లు, ఇంత రేటు అంటరు. కొనకండి. అడగని మనిషికి ఫోన్ చేస్తే తిట్లు తప్ప గిరాకి రాదు, అడగని ఫోన్ల మీద కంప్లయింట్ తీసుకునే 1909 నంబర్‌కు కంప్లయింట్ కూడ పోతది. కొన్ని యాప్‌లు అడిగిన మనిషి నంబరే ఇస్తయి, అది నిజమే, కానీ అదే నంబర్ ఇంకో నలుగురికి కూడ ఇస్తయి. అయిదు నిమిషాలల్ల ఫోన్ చేయగలిగితే తీసుకోండి, లేకపోతే ఆ పైసలు పెట్టి సామాను కొనుక్కోండి.

ఒక సంగతి ప్రత్యేకంగ చెప్పాలె. కొత్త గిరాకి కోసం చూసేటోళ్లను మోసం చేసుడు సులువు. ఆర్మీ ఆఫీసర్‌నని ఫోన్ వస్తది. హిందీల మాట్లాడతడు. జవాన్లకు నూట యాభై ప్లేట్లు కావాలంటడు, రేటు తగ్గియ్యమని కూడ అడగడు. ఐడీ కార్డు ఫొటో పంపుతడు. వంట మొదలైనంక అడ్వాన్స్ పంపుత అని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటడు. అక్కలారా, పైసలు మనకు రావడానికి పిన్ కొట్టే పని లేదు. పిన్ కొడితే మన పైసలే పోతయి. బేరం ఆడని గిరాకి వస్తే ఒక నిమిషం ఆగండి. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేయాలె, ఎంత తొందరగ చేస్తే అంత మంచిది.

రోజుకు ఎంతమంది అడిగితే సరిపోతది? ఈ లెక్క మీ నోట్‌బుక్కుల నుంచే తీయాలె, నాది మీకు పనికిరాదు. నెలకు ఆరు పనులు కావాలె అనుకుందం. నలుగురు అడిగితే ఒక్కరు ఖాయమైతున్నరు అనుకుందం. అంటే నెలకు ఇరవై నాలుగు మంది అడగాలె, రోజుకు ఒక్కరు. ఇరవై నాలుగు అంటే భయమైతది, రోజుకు ఒక్కరంటే కాదు. మూడు రోజులు ఒక్కరు కూడ అడగలేదంటే, చేతిల ఎన్ని ఆర్డర్లున్నా ఆ వారం బయట రెండు పూటలు తిరగాలె. గల్లపెట్టె నిండుగ ఉన్నదా అని చూస్తే పోయిన నెల సంగతే తెలుస్తది, వచ్చే నెల సంగతి ఈ పేజీల ఉంటది.

ఇంక మీరు అడగండి.

తిప్పర్తి నుంచి వచ్చిన ఒక చెల్లె: అక్కా, నేను ఇంట్లనే పచ్చళ్లు పెడ్త. ఫోన్ చేసి కొనండి అని అడగాలెనంటే సిగ్గయితది. ఏమనుకుంటరో అని.

కొత్తోళ్లకు చేయకు చెల్లె. పోయినేడు నీ దగ్గర తీసుకున్నోళ్లు ఎంతమంది? ఉన్నరు కదా. వాళ్లకు మార్చిలనే చేయి. కొనుమని అడగకు. "అక్కా, పోయినేటి ఆవకాయల ఉప్పు సరిపోయిందా, కారం ఎక్కువైందా?" అని అడుగు. పచ్చడి ముచ్చట ఎత్తితే మన దిక్కు ఆడోళ్లు పది నిమిషాలు మాట్లాడతరు. వాళ్లే చెప్తరు, ఈసారి రెండు కిలోలు పెట్టు, బిడ్డకు హైదరాబాద్ పంపాలె, కొంచెం ఎల్లిపాయ ఎక్కువేయి అని. అదంత రాసుకో. ఏప్రిల్ ఆఖరుకు కాయ వచ్చేసరికి ఎన్ని కిలోలు పెట్టాలెనో నీకు తెలిసిపోతది. కొత్త కారం, నూనె ఆ లెక్కల కొనుక్కోవచ్చు, ఉద్దెర తేవాల్సిన పని లేదు. ఫోన్ పెట్టేటప్పుడు "మీ పక్కింట్ల ఎవరికన్న కావాలంటే చెప్పు అక్కా" అను. రేపు ఐదుగురికి చేసి, మాపటికి నాకు ఫోన్ చేయి. ఎవరేమన్నరో చెప్పు, ఆఖరు గీతల ఏ తారీకు రాయాలెనో ఇద్దరం కూర్చొని చూద్దం.